యంత్రాల నూనె పరీక్ష: డెల్టా మిల్లుల నుంచి రైలింజన్ల దాకా

విజయవాడ నుంచి చెన్నై వెళ్లే ప్రధాన రైలు మార్గంలో తెనాలి దాటాక వచ్చే స్టేషన్లలో చుండూరు ఒకటి. ఎక్స్‌ప్రెస్ బళ్లు చాలావరకు అక్కడ ఆగవు. ఆగకుండా దూసుకుపోయే ఆ బళ్లను లాగే ఎలక్ట్రిక్ ఇంజను లోపల ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ నిండా నూనెలో మునిగి ఉంటుంది. ఆ నూనె కొంచెం తీసి, అందులో ఏయే వాయువులు కరిగి ఉన్నాయో లోకో షెడ్డు వాళ్లు పరీక్ష చేయిస్తుంటారు. అసిటిలీన్ కనిపించిందంటే లోపల ఎక్కడో నిప్పురవ్వలు లేస్తున్నట్టే. మూత విప్పకుండానే ఆ సంగతి బయటపడుతుంది.

స్టేషను నుంచి ఏ దిక్కున కాస్త దూరం పోయినా ధాన్యం మిల్లు కనబడుతుంది. అందులో ఎలివేటర్లను తిప్పే గేర్‌బాక్సులు, ఫ్యాన్ల బేరింగులు, కరెంటు పోతే ఆదుకునే జనరేటరు ఉంటాయి. వాటిలోనూ నూనె ఉంటుంది. ఆ నూనె మారేది మాత్రం పరీక్షను బట్టి కాదు, అలవాటును బట్టి. సీజను మొదట్లో ఒకసారి మారుస్తారు. లేదంటే ఫిట్టరు డిప్‌స్టిక్ తుడిచి చూసి, ‘‘నల్లబడిపోయిందండీ, మార్చేద్దాం’’ అన్నప్పుడు మారుస్తారు. ఆ రంగును నమ్ముకోవడంలోనే చిక్కు ఉంది. డీజిల్ ఇంజన్లో పోసిన కొత్త నూనె కొద్ది గంటలకే నల్లబడుతుంది. మసిని పట్టి ఉంచడం దాని పని, ఆ పని చేస్తున్నందుకే అది నల్లగా ఉంటుంది. తేనె రంగులో తేటగా కనిపించే గేర్ నూనెలోనేమో కంటికి ఆనని ఇనుప రజను బేరింగును తినేస్తూ ఉండవచ్చు.

వాడుకలో ఉన్న నూనెలోంచి చిన్న నమూనా తీసి, నూనెలో సత్తువ ఎంత మిగిలింది, అందులో బయటి మలినం ఏం చేరింది, యంత్రంలో ఏ భాగం ఎంత వేగంగా అరుగుతోంది అనే మూడు విషయాలు తేల్చే పద్ధతినే పరిశ్రమల్లో ఆయిల్ అనాలిసిస్ అంటారు. యంత్రం ఆగిపోయాక బాగు చేయడం ఒక తరహా నిర్వహణ. క్యాలెండరు చూసి నూనె, భాగాలు మార్చడం ఇంకో తరహా. యంత్రం ఉన్న స్థితిని కొలిచి, అవసరమైనప్పుడే చేయి పెట్టడం మూడోది. నూనె పరీక్ష ఈ మూడో తరహా నిర్వహణకు చెందిన పనిముట్టు. కంపనాల కొలత, వేడిని చూపే కెమెరా కూడా ఈ కోవలోవే.

రైలు షెడ్లలో మొదలు

ఈ పద్ధతి రైళ్ల దగ్గరే పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా రైలు కంపెనీలు ఆవిరి ఇంజన్లను వదిలి డీజిల్‌కు మారుతున్న రోజులవి. 1946లో డెన్వర్ అండ్ రియో గ్రాండ్ రైల్‌రోడ్ పరిశోధనశాల వాళ్లు ఇంజను నూనెను స్పెక్ట్రోగ్రాఫ్‌లో మండించి, వచ్చిన వెలుగును విడదీసి, ఏ లోహం ఎంత ఉందో లెక్కగట్టారు. ఒక్కో లోహం మండేటప్పుడు తనదైన రంగుల గీతలు చూపిస్తుంది. ఇనుము గీతలు వేరు, రాగివి వేరు. ఆ గీతలను బట్టి ఇంజను విప్పకముందే లోపాలు పట్టుకోవచ్చని తేలింది. 1950ల మధ్యకల్లా అమెరికా నౌకాదళం దీన్ని విమాన ఇంజన్లకు వాడింది. దారిలో ఆగిపోతే పక్కన నిలబెట్టి బాగుచేసుకునే వీలు రైలుకు ఉంటుంది, గాలిలో ఉన్న విమానానికి ఉండదు. అందుకే సైన్యాలు ఈ పరీక్షను అంత పట్టుగా పట్టుకున్నాయి.

మన దేశానికి ఇది డీజిల్ రైలింజన్లతోపాటే వచ్చింది. అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి డబ్ల్యూడీఎం-2 రకం ఇంజన్లు 1962లో దిగాయి. 1964 నుంచి వాటిని వారణాసిలోనే తయారుచేశారు. పదహారు సిలిండర్లతో 2,600 హార్స్‌పవర్ ఇచ్చే ఈ ఇంజన్లు దశాబ్దాలపాటు దేశమంతా బళ్లు లాగాయి. దక్షిణ మధ్య రైల్వేలో కాజీపేట, గుత్తి డీజిల్ షెడ్లు వీటికి పేరుపడ్డ స్థావరాలు. డీజిల్ షెడ్డు అన్నాక అందులో ఒక కెమికల్ ల్యాబు ఉండాల్సిందే. ట్రిప్పు ముగించుకొచ్చిన ఇంజను నుంచి నూనె తీసి చిక్కదనం, నీరు, డీజిల్ కలిసిన జాడ, లోహాలు చూసేవారు. వడపోత కాగితం మీద ఒక చుక్క వేసి అది పరుచుకునే తీరు గమనించడం కూడా అక్కడి మామూలు పరీక్షే. నడిమధ్య నల్లటి ముద్దలా ఆగిపోయి చుట్టూ పలచటి అంచు మిగిలితే, మసిని పట్టి ఉంచే శక్తి నూనెకు తగ్గిపోయినట్టు. అంచుదాకా ఒకే తీరుగా బూడిద రంగులో పాకితే ఇంకొన్నాళ్లు నడపవచ్చు. ఆ కాగితం ముక్కకు అయ్యే ఖర్చు ఏమీ లేదు. అయినా మిల్లుల్లో, చేపల చెరువుల దగ్గర ఉండే జనరేటర్లకు ఇలాంటి పరీక్ష చేసేవాళ్లు అరుదు.

తర్వాత విజయవాడ–గూడూరు మార్గానికి కరెంటు తీగలు వచ్చాయి. ఇంజను నూనె స్థానంలో ట్రాన్స్‌ఫార్మర్ నూనె వచ్చింది, పరీక్ష మాత్రం పోలేదు.

నూనెలో ఏం చూస్తారు

ముందు చూసేది చిక్కదనం. పరిశ్రమల నూనె డబ్బా మీద ఉండే 46, 68, 220, 320 అంకెలు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని చిక్కదనాన్ని చెబుతాయి. 220 నూనె అంటే 198 నుంచి 242 సెంటీస్టోకుల మధ్య ఉండాలి, అంటే పది శాతం అటూ ఇటూ. వాడుకలో ఉన్న నూనె ఆ హద్దు దాటి పలచబడితే డీజిల్ కలిసిందనో, తక్కువ నంబరు నూనెతో టాప్‌అప్ చేశారనో అనుమానించాలి. చిక్కబడితే వేడికి మాగి ఆక్సీకరణం చెంది ఉండాలి, లేదా మసి పేరుకుని ఉండాలి. మిల్లుల్లో అన్నిటికన్నా ఎక్కువగా బయటపడే తప్పు ఈ టాప్‌అప్‌దే. షాపులో 220 దొరకలేదని 90 నంబరు గేర్ ఆయిల్ తెచ్చి పోస్తారు. ఆ 90 వాహనాల కొలమానంలోది, ఈ 220 పరిశ్రమల కొలమానంలోది. రెండు అంకెలూ ఒక వరసలోవి కావన్న సంగతి పరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఎవరికీ తట్టదు.

తర్వాత ఆమ్లత్వం. నూనె పాతబడేకొద్దీ అందులో ఆమ్లాలు పుడతాయి. గ్రాము నూనెలోని ఆమ్లాన్ని విరవడానికి ఎన్ని మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ పడుతుందో లెక్కించి ఆ అంకె ఇస్తారు. ఆ అంకె ఒక్కటే చూస్తే లాభం లేదు, కొత్త నూనెలో ఎంత ఉండేదో తెలియాలి. కొన్ని నూనెలకు కొత్తలోనే ఆమ్లత్వం ఎక్కువ, కలిపిన రసాయనాల వల్ల. అందుకే పీపా తెరిచిన రోజే అందులోంచి ఒక నమూనా తీసి పరీక్ష చేయించి, ఆ కాగితాన్ని జాగ్రత్త చేయాలి. ఆ కాగితం లేకపోతే ముందుముందు వచ్చే ఏ అంకెనూ పోల్చి చూసుకోవడానికి ఆధారం ఉండదు.

లోహాల పట్టిక చూడ్డానికి పెద్దగా ఉంటుంది కానీ చదవడం నేర్చుకుంటే తేలికే. ఇనుము గేర్ల నుంచి, షాఫ్టుల నుంచి, సిలిండర్ లైనర్ల నుంచి వస్తుంది. రాగి బుష్‌ల నుంచి, కంచు వార్మ్ చక్రం నుంచి వస్తుంది. సీసం, తగరం వైట్‌మెటల్ బేరింగులవి. అల్యూమినియం పిస్టన్లది, క్రోమియం పిస్టన్ రింగులది. జింకు, ఫాస్ఫరస్, కాల్షియం ఎక్కువగా కనిపించినా కంగారు పడక్కర్లేదు, అవి నూనెలో కంపెనీ వాళ్లే కలిపిన రసాయనాలు. ఇక్కడా బోల్తా కొట్టించేవి కొన్ని ఉన్నాయి. కొత్త ఇంజన్లో రాగి ఒక్కసారిగా పెరిగితే బుష్ పోయిందని ఇంజను విప్పనక్కర్లేదు. చాలాసార్లు అది ఆయిల్ కూలర్ గొట్టాల లోపలి పొర నుంచి కరిగి వచ్చిన రాగి, కొన్నాళ్లకు దానంతటదే తగ్గుతుంది. రాగితోపాటు సీసం, తగరం కూడా పెరిగితే అప్పుడు బేరింగు సంగతి చూడాలి. ఇలా జతగా పెరిగే లోహాలను చూడటమే ఈ పట్టికను చదవడంలో కిటుకు.

సోడియం సంగతి రేపల్లె, నిజాంపట్నం వైపు వాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఇంజను కూలెంట్‌లో కలిపే రసాయనాల్లో సోడియం, పొటాషియం, బోరాన్ ఉంటాయి. ఇంజను నూనెలో అవి కలిసికట్టుగా పెరిగితే హెడ్ గాస్కెట్ దగ్గరో, లైనర్ దగ్గరో నీరు లోపలికి వస్తున్నట్టు. రొయ్యల చెరువు గట్టున నిలబడే జనరేటరుకు, చెరువులో తిరిగే ఏరియేటర్ గేర్‌బాక్సుకు ఇంకో దారి కూడా ఉంది, ఉప్పునీరు. సముద్రపు నీటిలో సోడియం మెగ్నీషియానికి సుమారు ఎనిమిది రెట్లు ఉంటుంది. పొటాషియం, బోరాన్ కదలకుండా సోడియం, దానితో కొద్దిగా మెగ్నీషియం పెరిగాయంటే గాస్కెట్‌ను కాదు, షాఫ్ట్ సీలును అనుమానించాలి. నూనెలోనే మెగ్నీషియం రసాయనం కలిపి ఉంటే ఈ లెక్క తప్పుతుంది. కొత్త నూనె రిపోర్టు పక్కన ఉండాలనేది అందుకే.

ఊక ధూళి, సిలికాన్ అంకె

ధాన్యం మిల్లుల్లో చూడాల్సిన అంకెల్లో ముఖ్యమైనది సిలికాన్. సాధారణంగా ఇది దుమ్ము చేరిందనడానికి గుర్తు. దుమ్ము అంటే పరిశ్రమల పుస్తకాల్లో మట్టి దుమ్మే. కానీ మిల్లులో గాలిలో తేలేది ఎక్కువగా ఊక ధూళి, తవుడు, బాయిలరు ఉన్నచోట ఊక బూడిద. వడ్ల బరువులో దాదాపు ఐదో వంతు ఊక. ఆ ఊకను కాల్చితే మళ్లీ ఐదో వంతు బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికాయే. ఇసుకలో ఉండే పదార్థమూ అదే, బేరింగు ఉక్కుమీద అది సానరాయిలా పనిచేస్తుంది.

ఇక్కడొక ఉపయోగపడే తేడా ఉంది. డెల్టా బంకమట్టిలో సిలికాన్‌తోపాటు అల్యూమినియం కూడా చెప్పుకోదగ్గంత ఉంటుంది. ఊక బూడిదలో అల్యూమినియం దాదాపు ఉండదు. కాబట్టి గేర్‌బాక్సు నూనెలో రెండూ కలిసి పెరిగితే మట్టి చేరుతోందని, లారీలు తిరిగే ఆవరణ దుమ్మో, నూనె పోసే గరాటు శుభ్రంగా లేకపోవడమో కారణమని అనుకోవచ్చు. సిలికాన్ ఒక్కటే పెరిగితే మిల్లు లోపలి ధూళి, గేర్‌బాక్సు గాలి పీల్చుకునే బ్రీదర్ గుండా లోపలికి పోతుండాలి. మరో అనుమానం కూడా పెట్టుకోవాలి. ఈమధ్యే గేర్‌బాక్సు విప్పి సిలికోన్ పేస్టుతో మూత అంటించి ఉంటే ఆ పేస్టు నుంచి కూడా సిలికాన్ వస్తుంది. నురుగు రాకుండా నూనెలో కలిపే రసాయనంలోనూ కొద్దిగా ఉంటుంది. సిలికాన్‌తోపాటు ఇనుము పెరుగుతోందా లేదా అన్నదే చివరికి తేల్చే ప్రశ్న. పెరగకపోతే అది ధూళి కాకపోవచ్చు.

బ్రీదర్ ప్రస్తావన వచ్చింది కాబట్టి నీటి సంగతి కూడా. చుండూరు, వేమూరు, బాపట్ల ప్రాంతంలో సార్వా వడ్లు వచ్చే నవంబరు నుంచి కొన్ని నెలలు మిల్లులు రాత్రీ పగలూ ఆడతాయి. తర్వాత మందగిస్తాయి. ఆడేటప్పుడు గేర్‌బాక్సు వేడెక్కి లోపలి గాలి బయటికి పోతుంది. ఆగినప్పుడు చల్లబడి బయటి గాలిని పీల్చుకుంటుంది. తీరప్రాంతపు గాలి కాబట్టి ఆ పీల్చుకున్నదాంట్లో తేమ పుష్కలం. ఆ తేమ మూత లోపలివైపు చెమ్మపట్టి నూనెలోకి జారుతుంది. ఆగి ఉన్న నెలల్లోనే తుప్పు మొదలవుతుంది. సీజనులో బేరింగు పోయిందంటే తప్పు చాలాసార్లు సీజనుకు ముందు నెలలది. దీనికి విరుగుడు ఊళ్లోని లైన్‌మెన్‌కు బాగా తెలిసిందే. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన వేలాడే సిలికా జెల్ బ్రీదర్ లాంటిదే గేర్‌బాక్సులకూ దొరుకుతుంది. తేమ పీల్చుకున్నాక గింజల రంగు మారుతుంది, అప్పుడు మార్చాలి. ధూళినీ అదే ఆపుతుంది.

నీటిని పట్టుకోవడానికి మిల్లులోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. ఇనుప పలకను సుమారు 160 డిగ్రీలకు కాచి, దానిమీద సీసాను బాగా కుదిపి ఒక చుక్క నూనె వేయాలి. పొడి నూనె నిశ్శబ్దంగా పరుచుకుని పొగలు లేపుతుంది. కొద్దిగా నీరు ఉంటే సన్నటి బుడగలు లేచి వెంటనే ఆరిపోతాయి. ఎక్కువ ఉంటే పెద్ద బుడగలు లేస్తాయి, చిటపటలు వినబడతాయి. కళ్లద్దాలు లేకుండా, ఫ్యాను కింద, పలక మీదికి వంగి ఈ పని చేయకూడదు. పది లక్షల భాగాల్లో అయిదారు వందల భాగాలకు తక్కువగా ఉన్న నీటిని ఈ చుక్క పట్టుకోలేదు. అంతకన్నా సూక్ష్మంగా కావాలంటే కార్ల్ ఫిషర్ పేరుతో పిలిచే పరీక్ష ల్యాబులో చేయించాలి. ఇక నూనె మజ్జిగలా తెల్లబడి ఉంటే ఏ పరీక్షా అక్కర్లేదు, తీసి పారబోయడమే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి తుపాను వరదలో మునిగిన గేర్‌బాక్సు నూనెను ల్యాబుకు పంపి డబ్బు దండగ చేసుకోకూడదు. మొత్తం దింపి, పలచటి నూనెతో కడిగి, కొత్తది పోసి, కొన్ని రోజులు నడిపాక అప్పుడు నమూనా తీస్తే లోపల నీరు ఇంకా మిగిలిందో, తుప్పు మొదలైందో తెలుస్తుంది.

నమూనా తీయడం

నూనె పరీక్షలో చాలా తప్పులు ల్యాబులో జరగవు, యంత్రం దగ్గరే జరుగుతాయి. ఆగిన యంత్రం డ్రెయిన్ ప్లగ్గు విప్పి, మొదట కారిన నల్లటి మడ్డిని సీసాలో పట్టి పంపితే ల్యాబువాళ్లు భయంకరమైన రిపోర్టే ఇస్తారు. ఆ మడ్డి ఏళ్ల తరబడి అడుగున పేరుకున్నది. ఈరోజు బేరింగు ఎలా ఉందో అది చెప్పదు. నమూనా నడుస్తున్న యంత్రం నుంచి, వేడిగా ఉన్నప్పుడు, నూనె కదులుతున్న చోటు నుంచి తీయాలి. పంపు ఉన్న యంత్రంలో అయితే బేరింగుల నుంచి నూనె తిరిగి వచ్చే గొట్టం మీద, ఫిల్టరుకు ముందు చిన్న కవాటం బిగించుకోవాలి. ఫిల్టరు తర్వాత తీస్తే, వెతుకుతున్న రజను కాస్తా ఫిల్టరులోనే ఉండిపోతుంది. పంపు లేని గేర్‌బాక్సుకు చేతి వాక్యూమ్ పంపు, సన్నటి ప్లాస్టిక్ గొట్టం చాలు. గొట్టం కొస నూనె మట్టానికి సగం లోతులో ఉండాలి, అడుగును తాకకూడదు, పళ్ల చక్రాలకు దరిదాపుల్లోకి వెళ్లకూడదు. గొట్టం దించే ఒక్క నిమిషం యంత్రం ఆపి, ఆపిన వెంటనే తీయడం క్షేమం. రజను అడుగుకు దిగిపోకముందే పని పూర్తవ్వాలి. ప్రతిసారీ అదే చోటు నుంచి తీయాలి.

సీసా సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. ల్యాబు ఇచ్చిన సీసా అయిపోయిందని మందు సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పట్టి పంపేవాళ్లు ఉన్నారు. కడిగి సరిగా ఆరబెట్టని సీసాలోని నాలుగు చుక్కలు రిపోర్టులో నీరుగా తేలతాయి, గేర్‌బాక్సు సీలు అన్యాయంగా మారుతుంది. ఊక ధూళి ఎగిరే షెడ్డులో మూత తీసి పెట్టిన సీసా కూడా అంతే. సీసాను ముప్పాతిక వరకే నింపాలి, ల్యాబులో కుదపడానికి జాగా ఉండాలి. చీటీ మీద యంత్రం పేరు, నూనె పేరు, నంబరు, నూనె పోసి ఎన్ని గంటలైంది, మధ్యలో ఎంత టాప్‌అప్ చేశారు, నమూనా తేదీ రాయాలి. జనరేటరుకు గంటల మీటరు ఉంటుంది. మిల్లు యంత్రాలకు ఉండదు, కాబట్టి షిఫ్టు పుస్తకంలో మిల్లు ఆడిన గంటలు రాసుకుంటే సరిపోతుంది. గంటలు రాయని నమూనా రిపోర్టును నమ్మలేం. 250 గంటల్లో 60 పీపీఎం (పది లక్షల భాగాల్లో 60 భాగాలు) ఇనుము వచ్చిందా, వెయ్యి గంటల్లో వచ్చిందా అన్నదాన్ని బట్టి అర్థం పూర్తిగా మారిపోతుంది.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి

అన్ని యంత్రాలకూ ఒకేసారి పరీక్ష మొదలుపెట్టినవాళ్లు మూడో నెలకే మానేస్తారు. ఆగిపోతే మిల్లంతా ఆగేవి, విడిభాగం దొరకడానికి వారాలు పట్టేవి, నూనె ఎక్కువ పట్టేవి ఏవో చూసి ఐదారు యంత్రాలు ఎంచుకోవాలి. రెండు లీటర్లు పట్టే చిన్న గేర్‌బాక్సు నూనెకు ల్యాబు ఫీజు దండగ, ఏడాదికోసారి మార్చుకోవడమే చవక. పెద్ద జనరేటరు, బాయిలరుకు గాలి కొట్టే ఫ్యాను, ఐస్ ఫ్యాక్టరీ అయితే అమోనియా కంప్రెసర్, పారాబాయిల్డ్ మిల్లులో హైడ్రాలిక్ యూనిట్ ఉంటే అది, వీటికి పరీక్ష గిట్టుబాటు అవుతుంది. ఇంజన్లకు సుమారు 250 గంటలకోసారి, గేర్‌బాక్సులకు మూడు నెలలకోసారి నమూనా తీయడం మామూలు. సీజను మొదట్లో ఒకటి, సీజను ముగిశాక ఇంకొకటి తప్పనిసరి అనుకుంటే డెల్టా మిల్లుకు ఇంకా నప్పుతుంది. ఆడని నెలల్లో చేరిన నీరు మొదటిదాంట్లో, ఆడిన నెలల్లో అరిగిన లోహం రెండోదాంట్లో తేలతాయి.

మొదటి రిపోర్టు చూసి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, నీరు ఉన్నా డీజిల్ కలిసినా తప్ప. మూడు రిపోర్టులు చేతికొచ్చాక పోకడ కనిపిస్తుంది. ఒక గేర్‌బాక్సులో ఇనుము 40, 44, 47 అని వస్తే అది ఆ గేర్‌బాక్సు సహజస్థితి. అదే రకం యంత్రం పక్కన 20 దగ్గర ఉన్నా ఫర్వాలేదు. 40, 44, 95 అని వస్తే మాత్రం నూనె మార్చేసి ఊరుకోకూడదు. నూనె మారిస్తే అంకె తగ్గుతుంది కానీ అరుగుదల ఆగదు, ఉన్న ఒక్క సాక్ష్యమూ నూనెతో పాటు పోతుంది. ముందు మళ్లీ నమూనా తీసి నిజమో కాదో తేల్చుకుని, తర్వాత మూత విప్పాలి.

నూనె శుభ్రతను చెప్పే అంకెలు మూడు, మధ్యలో ఏటవాలు గీతలతో ఉంటాయి, ఉదాహరణకు 18/16/13. ఒక మిల్లీలీటరు నూనెలో 4 మైక్రాన్లకు మించిన రేణువులు, 6 మైక్రాన్లకు మించినవి, 14 మైక్రాన్లకు మించినవి ఎన్నో ఆ మూడూ వరసగా చెబుతాయి. 18 అంటే 1,300 నుంచి 2,500 రేణువులు. అంకె ఒకటి పెరిగితే రేణువులు రెట్టింపైనట్టు. మామూలు కంటికి 40 మైక్రాన్ల కన్నా చిన్నది ఆనదు కాబట్టి తేటగా ఉందన్న మాటకు విలువ లేదు. కొత్త పీపా నూనె కూడా చాలాసార్లు హైడ్రాలిక్ యంత్రాలకు కావలసినంత శుభ్రంగా ఉండదు. కాబట్టి పీపా నుంచి బకెట్లోకి, బకెట్ నుంచి గరాటులోకి పోసే అలవాటు మాని ఫిల్టరు ఉన్న పంపుతో పోస్తే, ఏ ల్యాబుకూ వెళ్లకుండానే సగం పని అయిపోతుంది.

పెద్ద యంత్రాలు

కృష్ణా అవతలి ఒడ్డున, ఇబ్రహీంపట్నంలోని డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రంలో 1979లో మొదటి 210 మెగావాట్ల యూనిట్ నడక మొదలైంది. అలాంటి యూనిట్లో నిమిషానికి మూడు వేల సార్లు తిరిగే టర్బైన్ షాఫ్టుకూ బేరింగుకూ మధ్య ఉండేది సన్నటి నూనె పొరే. ట్యాంకులో వేల లీటర్ల నూనె ఉంటుంది, దాన్ని ఏటా మార్చడం ఏ సంస్థకూ కుదరదు. సెంట్రిఫ్యూజుతో నీరు తీస్తూ, ఫిల్టరు చేస్తూ, పరీక్షలు చేయిస్తూ ఏళ్ల తరబడి అదే నూనెను నడపడం పెద్ద టర్బైన్ల పద్ధతి. ఇక్కడ నీరు గ్లాండ్ల దగ్గర కారే ఆవిరి నుంచి వస్తుంది. నూనె ఆమ్లత్వం కొత్తదానికన్నా గ్రాముకు 0.3 మిల్లీగ్రాములు పెరిగితే హెచ్చరికగా తీసుకుంటారు. ఆక్సీకరణాన్ని అడ్డుకునే రసాయనం ఎంత మిగిలిందో కూడా చూస్తారు. ఆ రసాయనం అయిపోయాక నూనె చెడిపోయే వేగం అమాంతం పెరుగుతుంది కాబట్టి, అయిపోకముందే తెలుసుకోవడం వాళ్లకు అవసరం.

ట్రాన్స్‌ఫార్మర్ల నూనె పరీక్షది వేరే దారి. అక్కడ అరిగేది ఏమీ లేదు. విద్యుత్ శాఖ వాళ్లు బీడీవీ అనే పరీక్షలో 2.5 మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న రెండు ఎలక్ట్రోడ్ల మధ్య వోల్టేజి పెంచుతూ పోయి, నూనె ఎక్కడ లొంగిపోతుందో చూస్తారు. కొద్దిపాటి తేమకే ఆ అంకె పడిపోతుంది. కరిగిన వాయువుల పరీక్ష అంతకన్నా లోతైనది. హైడ్రోజన్ కనిపిస్తే చిన్నపాటి విద్యుత్ స్రావం, ఎథిలీన్ అయితే తీవ్రమైన వేడి, అసిటిలీన్ అయితే ఆర్కింగ్. కెనడాకు చెందిన మిషెల్ డ్యువాల్ 1970లలో మూడు వాయువుల నిష్పత్తిని త్రిభుజం మీద గుర్తించే పద్ధతి ఇచ్చాడు, ఇప్పటికీ ఇంజనీర్లు దాన్నే వాడుతున్నారు. హైదరాబాదు ఉప్పల్‌లో కేంద్ర విద్యుత్ పరిశోధనా సంస్థ వారి అత్యధిక వోల్టేజి ప్రయోగశాల ఉంది. పరిశ్రమల కందెన నూనెలకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబులు ఉన్నాయి, పెద్ద ఆయిల్ కంపెనీలు తమ నూనె కొన్నవాళ్లకు పరీక్ష చేసిపెడుతుంటాయి. అమ్మేవాడి ల్యాబే అయితే మధ్యమధ్యలో ఒక నమూనాను రెండు సీసాల్లో పట్టి ఇంకో ల్యాబుకూ పంపి చూసుకోవడం మంచిది.

పరీక్షకు అందనివి

స్పెక్ట్రోమీటరుకు ఒక గుడ్డితనం ఉంది. సుమారు పది మైక్రాన్లకు మించిన రేణువులు ఆ మంటలో పూర్తిగా ఆవిరి కావు, కాబట్టి లెక్కకు రావు. మెల్లగా అరిగే యంత్రం సన్నటి రజను వదులుతుంది, అది బాగా దొరుకుతుంది. పెచ్చులు ఊడే బేరింగు పెద్ద ముక్కలు వదులుతుంది, అది దొరకదు. అంటే ప్రమాదం దగ్గర పడ్డాక ఇనుము అంకె పెరగకపోగా తగ్గినా ఆశ్చర్యపడక్కర్లేదు. ఈ లోటు తీర్చడానికే 1970ల మొదట్లో వెర్నన్ వెస్ట్‌కాట్ ఫెరోగ్రఫీని తీర్చిదిద్దాడు. ఏటవాలు గాజు పలక కింద అయస్కాంతం పెట్టి, దానిమీదుగా నూనె పారిస్తే ఇనుప రేణువులు పెద్దవీ చిన్నవీ వరసలు తీరతాయి. మైక్రోస్కోపులో చూస్తే ఏది రాపిడితో పుట్టింది, ఏది అలసటతో ఊడింది, ఏది దుమ్ము కోసిన సుడి అన్నది ఆకారాన్ని బట్టి తెలుస్తుంది.

ఆ సదుపాయం లేని మిల్లులో అయస్కాంతం ఉన్న డ్రెయిన్ ప్లగ్గు బిగించుకోవచ్చు. నూనె మార్చేటప్పుడు దాన్ని విప్పి చూస్తే, మెత్తటి బూడిద రంగు పేస్టు అంటుకుని ఉండటం మామూలే. వేలికీ వేలికీ మధ్య రుద్దితే గరగరలాడుతూ, వెలుగులో మెరిసే పలకల్లాంటి తునకలు ఉంటే బేరింగు పెచ్చులు ఊడుతున్నట్టు. చిన్న పురి తిరిగిన తీగల్లాంటివి కనిపిస్తే ఏదో గట్టిది షాఫ్టును కోస్తున్నట్టు. పాత ఆయిల్ ఫిల్టరును కూడా పారేయకుండా కోసి, మడతల కాగితం విప్పి, కిరోసిన్లో జాడించి అయస్కాంతంతో తడిమితే ఇదే సమాచారం దొరుకుతుంది. నూనె పరీక్ష చెప్పలేనివి ఇంకా ఉన్నాయి. బెల్టు వదులు, షాఫ్టు వంకర, మోటారు ఎలైన్‌మెంటు నూనెలో కనపడవు. గ్రీజుతో నడిచే బేరింగుల గురించి ఈ పద్ధతి చెప్పేది తక్కువ. అక్కడ చేతికి తగిలే వేడి, చెవికి తెలిసే మోత, వీలుంటే కంపనాల కొలతే గతి.

పరీక్ష అయ్యాక మిగిలే వాడిన నూనె సంగతీ చూడాలి. గేట్లకు, దూలాలకు చెదలు పట్టకుండా పూయడం, ఆవరణలో దుమ్ము లేవకుండా చల్లడం పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. అందులో సీసం, మసి, మాగిన రసాయనాలు ఉంటాయి, పంట కాలువలు పక్కనే పారే ఊళ్లలో అది నేరుగా నీటిలో కలుస్తుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వాడిన నూనెను ప్రమాదకర వ్యర్థంగానే లెక్కగట్టాయి, అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలన్నాయి. 2024 ఏప్రిల్ 1 నుంచి నూనె తయారుచేసే, దిగుమతి చేసుకునే కంపెనీల మీద కూడా దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యత పెట్టారు. మిల్లులో నూనెను రకాలవారీగా వేరువేరు పీపాల్లో పోసి, నీరు కలవకుండా మూత పెట్టి ఉంచితే రీసైక్లరు మెరుగైన ధర ఇస్తాడు. ట్రాన్స్‌ఫార్మర్ నూనెను, ఇంజను నూనెను ఒకే పీపాలో కలిపితే ఆ ధర పడిపోతుంది.